చిట్టి రైలు పెట్టెలో దీపం ఆరిందా? మూత తీసే ముందు ఒక్క మాట!

పోపుల డబ్బా మూత బిగుసుకుపోతే మనం ఏం చేస్తాం? ముందు అంచు చుట్టూ వేలితో తడుముతాం. ఎక్కడ పట్టేసిందో చూస్తాం. తర్వాత చెంచా కాడతో ఈ పక్క కాస్త, ఆ పక్క కాస్త లేపుతాం. అంతేగాని సుత్తి తెచ్చి బాదం కదా! ఈ మాత్రం ఇంగితం వంటింట్లో అందరికీ ఉంటుంది. అదే ఇంగితం హాల్లోకి వచ్చేసరికి, అందులోనూ "అది కరెంటు వస్తువు" అని ఎవరైనా అనేసరికి, ఎక్కడికి పోతుందో తెలీదు. నాదీ అలాగే పోయింది. పోయి, ఒక పెద్దావిడ ఎన్నో ఏళ్లుగా దాచుకున్న వస్తువుని నా చేత విరగ్గొట్టించింది. ఆ కథా, దాంతో పాటు నేను నేర్చుకున్న పనీ మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

"మా ఇంట్లో బొమ్మ రైలెక్కడిదమ్మా?" అనకండి. విదేశాల్లో ఉన్న కొడుకో, కూతురో సెలవులకు వస్తూ పిల్లలకని ఒక పట్టాల పెట్టె తెస్తున్న ఇళ్లు మన ఊళ్లలో ఇప్పుడు చాలానే ఉన్నాయి. నెల రోజులు హాలంతా పరిచి ఆడతారు. ఆ తర్వాత అది షోకేసులోకి ఎక్కుతుంది. కొన్నాళ్లకు కిటికీల్లో వెలిగే దీపాలు ఆరిపోతాయి. "పాడైపోయింది" అని ఊరుకుంటాం. చాలాసార్లు అది పాడవదు. తెరవడం తెలీక మనమే పాడుచేస్తాం.

ఓమా గారి రైలు

మా అమ్మాయి కాన్పుకని నేను జర్మనీ వెళ్లాను. స్టుట్‌గార్ట్‌కి దగ్గర్లో చిన్న ఊరు. పై అంతస్తులో మా వాళ్లు, కింద ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఒంటరిగా. మా వాళ్లు ఆవిడని "ఓమా" అని పిలుస్తారు. ఆ భాషలో అమ్మమ్మ, నానమ్మ ఎవరినైనా అలాగే అంటారట. నాకూ అదే అలవాటైంది. నాకు జర్మన్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా ఆవిడ చేసిన కేకు పైకి వచ్చేది, నా పులిహోర కిందికి వెళ్లేది. మాట అవసరమైతే మా అమ్మాయి మధ్యలో ఉండేది.

అక్కడ చాలా ఇళ్లలో క్రిస్మస్ చెట్టు చుట్టూ బొమ్మ రైలు నడుపుతారు. మనకి సంక్రాంతికి బొమ్మల కొలువు ఎలాగో అలాగన్నమాట. ఓమా గారింట్లో ఆ పని ఏటా వాళ్లాయనదే. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ రైలు అటక మీదే ఉంది. ఆ ఏడు మా మనవడు పుట్టాడు కదా, "బిడ్డకి చూపించాలి" అని ఆవిడే పట్టుబట్టి అట్టపెట్టెలు కిందికి దింపించింది.

పట్టాలు కలిపాం. మా అల్లుడు స్విచ్చి వేశాడు. ఇంజను కదిలింది! ఓమా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత గదిలో లైటు ఆర్పి చూస్తే ఐదు పెట్టెల్లో ఒక్కదానిలోనే దీపం. మిగతా నాలుగూ చీకటి. ఆవిడ ముఖం అలా వాడిపోయింది.

"ఆయన ఏటా సరిచేసేవారు. నన్ను మాత్రం ముట్టుకోనిచ్చేవారు కాదు. నువ్వు తెరిస్తే విరిగిపోతుంది అనేవారు" అందిట. మా అమ్మాయి ఆ మాట చెప్పగానే నాకు ఎక్కడో తగిలింది. మా ఇంట్లో ఫ్యూజు పోయినప్పుడల్లా నేను విన్న మాటా అదే మరి! మీలో ఎంతమంది వినలేదు చెప్పండి?

"నేను తెరుస్తాను ఉండండి" అన్నాను రోషంగా. బల్ల మీద ఉన్న వెన్న రాసుకునే చాకు తీసుకుని ఒక పెట్టె పైకప్పు అంచులో దూర్చి పైకి ఎత్తాను. టక్‌మంది. బియ్యపు గింజంత ప్లాస్టిక్ ముక్క ఎగిరి నేల మీద పడింది. పైకప్పు రాలేదు, దాన్ని పట్టుకునే కొక్కెం మాత్రం వచ్చేసింది.

ఓమా ఏమీ అనలేదు. ఆ ముక్కని ఏరి, చేతి రుమాల్లో చుట్టి బల్ల మీద పెట్టింది. ఏదైనా అనుంటే బాగుండేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జవాబు అట్టపెట్టెలోనే ఉంది

మర్నాడు మా అమ్మాయి బాబుని ఒళ్లో వేసుకుని, ఒక్కో అట్టపెట్టెనీ బోర్లించి చూసింది. అడుగున మడత పెట్టిన కాగితాలున్నాయి. తయారుచేసిన కంపెనీ ఇచ్చినవే. ఒక్కో దాని మీదా పెట్టె బొమ్మ గీసి, ఎక్కడ నొక్కాలో, ఎటు లాగాలో బాణం గుర్తులు వేసి ఉన్నాయి. భాష రాకపోయినా అర్థమయ్యే బొమ్మలు! మందుల సీసాతో వచ్చే కాగితంలా వాటినీ ఎవరూ చదవరు. మేమూ చదవలేదు. కాబట్టి మొదటి మాట ఇదే: ఆ కాగితం పారేయకండి. పారేసి ఉంటే, పెట్టె మీద ఉన్న నంబరు చెప్పి పిల్లల్ని ఇంటర్‌నెట్‌లో వెతికిపెట్టమనండి. చాలా కంపెనీలు పాత కాగితాలు కూడా అక్కడ ఉంచుతున్నాయి.

ఇంకో సంగతి విన్నాక నాకు ధైర్యం వచ్చింది. ఓమా గారి రైలు మార్క్లిన్ కంపెనీది. ఆ కంపెనీ పుట్టిల్లు గ్యోపింగెన్, స్టుట్‌గార్ట్‌కి సుమారు 40 కిలోమీటర్లు. 1859లో మొదలుపెట్టినప్పుడు వాళ్లు చేసింది రైళ్లు కాదట. ఆడపిల్లలు ఆడుకునే రేకు వంట సామాన్లు! మన లక్కపిడతల్లాంటివన్నమాట. స్థాపించిన థియొడోర్ మార్క్లిన్ 1866లో చనిపోయాడు. ఆయన భార్య కరొలీనే ఆ వ్యాపారాన్ని ఆపకుండా నడిపింది. ఊరూరా తిరిగి సరుకు అమ్మిన మనిషి ఆవిడ. ఆ రోజుల్లో ఆడవాళ్లు అలా తిరగడం మాటలా! 1888లో కొడుకులు చేతికి తీసుకున్నారు. 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాల మీద నడిచే రైలు ప్రదర్శించారు. ఆవిడ నిలబెట్టి ఉండకపోతే ఈ రైళ్లే లేవేమో! అలాంటిది, ఆడవాళ్లు ముట్టుకుంటే విరుగుతాయా?

మేజా మీద పట్టే ఈ చిన్న సైజు 1935లో వచ్చింది. దీన్ని హెచ్‌ఓ అంటారు. అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన నీలం రంగు రైలు పెట్టె సుమారు 21 మీటర్లు కదా, దాన్ని ఈ లెక్కన కుదిస్తే 24 సెంటీమీటర్ల పైచిలుకు. అంటే జానకి కాస్త ఎక్కువ. అంత చిన్న దానిలో కిటికీలు, సీట్లు, దీపాలు అన్నీ అమరాలంటే కొక్కేలు ఎంత సన్నగా ఉంటాయో మీరే ఊహించుకోండి.

ముందు తెరవకండి!

ఆశ్చర్యంగా ఉందా? తెరవడం గురించి చెబుతానని ఇదేమిటంటారా? దీపం వెలగలేదంటే బల్బు పోయిందని మనం అనుకుంటాం. చాలాసార్లు పోయేది బల్బు కాదు, దానికి కరెంటు చేరే దారి. ఆ కరెంటు పట్టాల నుంచి ఇనుప చక్రాల ద్వారా పైకి వస్తుంది. మార్క్లిన్ లాంటి వాటిలో పట్టాల మధ్యలో చిన్న చిన్న మొలల వరస ఉంటుంది. పెట్టె అడుగున రాసుకుంటూ పోయే పొడుగాటి రేకు దాని నుంచి కరెంటు అందుకుంటుంది. కొన్ని రైళ్లలో ఒక్క పెట్టె కరెంటు తీసుకుని, లింకుల ద్వారా మిగతా వాటికి పంచుతుంది. ఈ దారిలో ఎక్కడ మసి పట్టినా దీపం ఆరుతుంది.

కాబట్టి ఈ క్రమంలో చూడండి.

పెట్టెని పట్టాల మీంచి తీసేయండి. కరెంటు మీద ఉండగా ఏదీ చేయవద్దు. వెల్లకిలా తిప్పి, మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి చక్రాల అంచులు తుడవండి. ఎంత నల్లగా వస్తుందో చూస్తే మీరే ముక్కున వేలేసుకుంటారు! అడుగున రాసుకునే రేకునీ, పట్టాలనీ అలాగే తుడవండి. అది మంట అంటుకునే ద్రవం, పూర్తిగా ఆరాకే స్విచ్చి వేయాలి. గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి. గీతలు పడి, వాటిలో మురికి మరింత త్వరగా చేరుతుంది.

తర్వాత లింకులు సరిగా కలిశాయో లేదో చూడండి. వెలుగుతున్న పెట్టెని, వెలగని పెట్టెని చోట్లు మార్చి చూడండి. చక్రాలు ప్లాస్టిక్‌వైతే వాటి ద్వారా కరెంటు రాదని గుర్తుంచుకోండి.

మేము ఇవన్నీ చేశాక ఏమైందో తెలుసా? చీకటిగా ఉన్న నాలుగింటిలో రెండు పెట్టెలు టక్కున వెలిగాయి. అందులో ఒకటి నేను ముందురోజు చాకుతో విరగ్గొట్టిన పెట్టె! దాని బల్బుకి ఏ జబ్బూ లేదు. చక్రాలకు మసి పట్టిందంతే. దాన్ని తెరవాల్సిన పనే లేదు. అది వెలుగుతుంటే నాకు సంతోషమూ, సిగ్గూ రెండూ కలిగాయి.

సామాన్లన్నీ మన ఇంట్లోవే

మిగిలిన రెండూ తుడిచినా వెలగలేదు. వాటిని తెరవక తప్పలేదు. అందుకు కావలసినవి ఇవి.

మెత్తటి తువ్వాలు ఒకటి, మడిచి బల్ల మీద వేసుకోవాలి. పెట్టె దొర్లదు, రంగు గీరుకోదు, ఎగిరిన ముక్క దూరం పోదు. పాత ఏటీఎం కార్డో, పలచటి ప్లాస్టిక్ కార్డో రెండు మూడు. చెక్క టూత్‌పిక్‌లు అరడజను. కళ్లద్దాలు బిగించుకునే సన్న స్క్రూడ్రైవరు. కనుబొమలు తీర్చుకునే ప్లకరు. అన్నిటికంటే ముఖ్యంగా ఇడ్లీ రేకు!

నవ్వకండి. ఊడదీసిన స్క్రూలు, చిన్న ముక్కలు వరసగా ఒక్కో గుంటలో వేసుకుంటూ పోవాలి. బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి వస్తే చాలు. నేను ఊరి నుంచి తీసుకెళ్లిన ఇడ్లీ రేకు బల్ల మీద పెడితే ఓమా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది రైళ్లకేనా అని అడిగింది.

చాకులు, కత్తెర మొనలు, పిన్నీసులు దగ్గరకు రానివ్వకండి. ఇనుము గెలుస్తుంది, ప్లాస్టిక్ ఓడుతుంది. చలికాలంలో అటక మీంచి దింపిన వెంటనే కూడా తెరవకండి. చల్లటి ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. గదిలో గంటసేపు ఉంచి, అరచేతుల మధ్య పట్టుకుని వెచ్చబడ్డాక మొదలుపెట్టండి.

నాలుగు రకాల తాళాలు

పెట్టెలన్నీ ఒకే తీరున తెరుచుకోవు. ఏ రకమో కనిపెట్టడమే సగం పని.

మొదటి రకం, పైకప్పు ఊడేవి. పైకప్పుకీ గోడకీ మధ్య సన్నటి గీత కనిపిస్తుంది. లోపల కొక్కేలు గోడకో, కిటికీ అద్దాల పట్టీకో పట్టుకుని ఉంటాయి. కిటికీల దగ్గర గోడల్ని వేళ్లతో సుతారంగా నొక్కితేనో, బయటికి కాస్త విప్పితేనో కొక్కేలు వదులవుతాయి. ఏది చెయ్యాలో కాగితంలోని బాణం చెబుతుంది. ఒక చివర నుంచి మొదలుపెట్టి కార్డు అంచు దూర్చి, కొద్ది కొద్దిగా జరుపుకుంటూ వెళ్లాలి. మధ్యలో పట్టుకుని ఒక్క గుంజు గుంజారో, నాలాగే అవుతుంది.

రెండో రకం, అడుగు పలక ఊడేవి. పైకప్పు, గోడలు ఒకే ముక్క. కింద పలక గోడల లోపలి గుంటల్లో పట్టుకుని ఉంటుంది. గోడకీ పలకకీ మధ్య కార్డు దూర్చి, అది వదులైన చోట టూత్‌పిక్ గుచ్చి వదిలేయండి, మళ్లీ మూసుకోకుండా. అలా ఒక వైపంతా నాలుగైదు పుల్లలు గుచ్చాక రెండో వైపు వెళ్లండి. గుత్తి వంకాయ చీల్చినంత జాగ్రత్త చాలు. కొన్నిటికి రెండు చివరలా పెట్టెల్ని కలిపే నల్లటి తలుపు ముక్కలుంటాయి. అవి ముందు తీయకపోతే ఎంత లాగినా రాదు.

మూడో రకం, స్క్రూలున్నవి. వెల్లకిలా తిప్పితే కనిపిస్తాయి. కనిపించకపోతే చక్రాల అమరికని పక్కకి తిప్పి చూడండి, దాని వెనక దాక్కుంటాయి. ఏదైనా పెట్టె ఎంతకీ రాకపోతే బలం పెంచకండి. ఎక్కడో ఒక స్క్రూ మిగిలిపోయిందని అర్థం.

నాలుగో రకం, పాత రేకు పెట్టెలు. వీటికి అడుగున రేకు నాలుకలు వంచి ఉంటాయి. చిన్నప్పటి రేకు బొమ్మలు గుర్తున్నాయా? అదే పద్ధతి. నాలుకని మెల్లగా, తిన్నగా నిలబడేంత వరకే లేపాలి. రేకు నాలుగైదుసార్లు అటూ ఇటూ వంగితే తెగిపోతుంది. అందుకని ఇవి "ఊరికే చూద్దాం" అని తెరవకూడదు. తెరిచిన రోజునే పని మొత్తం పూర్తిచేసి మూసేయాలి.

మాకు మిగిలిన రెంటిలో ఒకటి రెండో రకం, ఒకటి నాలుగో రకం. మొదటిది నేనూ, మా అమ్మాయీ తీశాం. రేకుదాని దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి వెనక్కి వెళ్లింది. అప్పుడు ఓమా తన కుర్చీ దగ్గరకు లాక్కుని, ఆ పెట్టెని తన ముందుకి జరుపుకుంది. కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో నాలుకనీ చెక్క పుల్లతో లేపింది. ఆరు నాలుకలకు పావుగంట పట్టింది. ఒక్కటీ తెగలేదు.

లోపల ఏముంటుంది?

పైకప్పు కిందో, ఒక చివరో గోధుమ గింజంత బల్బు ఉంటుంది. అడుగు నుంచి రెండు సన్నని తీగలో, రేకు ముక్కలో దానికి కరెంటు అందిస్తాయి. కాబట్టి మూత వదులవగానే గబుక్కున ఎత్తకండి. వేలెడంత ఎత్తి లోపలికి తొంగి చూడండి. తీగ ఉంటే పుస్తకంలా పక్కకి తెరవాలి. కరెంటు అప్పటిదాకా ఉంటే బల్బు వేడిగా ఉంటుంది. చల్లారనివ్వండి.

బల్బు మార్చేటప్పుడు అదే వోల్టేజిది వేయాలి. ఎంతో కాగితం మీద ఉంటుంది. ఉదాహరణకు 16 వోల్టుల చోట 6 వోల్టులది పెడితే వెంటనే మాడుతుంది. మార్చే ముందు పాత బల్బుని ఒకసారి దాని గూటిలో బిగించి చూడండి. ఓమా తెరిచిన రేకు పెట్టెలో జరిగింది అదే. బల్బు వదులైందంతే! బిగించగానే సరిపోయింది. ప్లాస్టిక్ పెట్టెలోది మాత్రం నిజంగానే మాడింది. కొత్తది కొన్నాం.

ఇప్పుడు బల్బుల బదులు ఎల్‌ఈడీ పట్టీలు వస్తున్నాయి. వీటిలో సుఖం ఉంది. వేడి తక్కువ. పాత బల్బులు ఎక్కువసేపు వెలిగితే ప్లాస్టిక్ పైకప్పు వంకరపోయే ప్రమాదం కూడా ఉంటుంది. కాని ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ తేడా ఉంటుంది. రెసిస్టరు అనే చిన్న ముక్క లేకుండా నేరుగా కలిపితే కాలిపోతుంది. మార్క్లిన్ లాంటి ఏసీ కరెంటు రైలైతే దాన్ని డీసీగా మార్చే ముక్క కూడా కావాలి. టంకం పెట్టడం అలవాటు లేకపోతే, ఆ పెట్టెకి సరిపడేలా కంపెనీ తయారుచేసిన పట్టీ కొనుక్కోవడమే మేలు. దీపం మిణుకు మిణుకుమంటే కెపాసిటరు ఉన్న పట్టీ అడగండి. చక్రం కింద క్షణం పాటు కరెంటు తప్పినా అది వెలుగుని పట్టి ఉంచుతుంది.

మూత పెట్టే ముందు పట్టాల మీద ఉంచి దీపం వెలుగుతోందో లేదో చూసుకోండి. మూసేశాక చూస్తే, వెలగకపోతే మళ్లీ తెరవాలి. తెరిచిన ప్రతిసారీ కొక్కేలకు కొంత ఆయుష్షు తగ్గుతుంది. తీగ ఏదీ అంచు కింద నలగకుండా చూసి, ఒక చివర నుంచి రెండో చివరికి నొక్కుకుంటూ పోండి. "టిక్" అన్న చప్పుడు వినిపిస్తే సరిగ్గా కూర్చున్నట్టు.

ఇవి మరవకండి

* గోళ్ల రంగు తుడిచే ద్రవం వాడకండి. అందులో అసిటోన్ ఉంటే ప్లాస్టిక్ కరిగి, రంగు ఊడుతుంది.

* కిటికీ అద్దం ఊడితే క్షణంలో అతుక్కునే గమ్ము వాడకండి. దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చుక్క చాలు. ఆరాక కనబడదు.

* ఒక్క కొక్కెం విరిగితే పెట్టె పనికిరానిది కాదు. మిగతావి పట్టి ఉంచుతాయి. లోపలి అంచున సన్నటి టేపు ముక్క వేస్తే పైకప్పు కదలదు. విరిగిన ముక్క పారేయకండి.

* రైలుకి వెళ్లే కరెంటు తక్కువే గాని, గోడ నుంచి ట్రాన్స్‌ఫార్మరుకి వచ్చేది 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మరుని ఎప్పుడూ తెరవకండి. వైరు తొడుగు పగిలినా, పెళుసుబారినా దాన్ని వాడటం మానేయండి.

* జర్మనీ, ఇంగ్లండుల్లో కూడా మనలాగే 230 వోల్టులు. ప్లగ్గు పిన్నులు మాత్రం వేరు. అమెరికాలో 120 వోల్టులు. అక్కడికని చేసిన ట్రాన్స్‌ఫార్మరుని మన గోడకి పెడితే మాడిపోతుంది. దాని మీద ఏం రాసుందో చదివాకే పెట్టండి.

* కొన్ని దీపాలకు నాణెంలా ఉండే బటన్ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు వాడతారు. పిల్లలు వాటిని మింగితే ప్రాణం మీదికి వస్తుంది. బటన్ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవచ్చు. మింగారని అనుమానం వచ్చినా సరే, ఎదురుచూడకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. ఈ పని పసివాళ్లు నిద్రపోయాక చేసుకోండి. లేచేలోగా ఇడ్లీ రేకు గుంటలన్నీ లెక్క చూసుకోండి.

ఇద్దరికీ తెలిసి ఉండాలి

క్రిస్మస్ ముందు రోజు రాత్రి లైట్లార్పాం. ఐదు పెట్టెల్లోనూ దీపాలతో రైలు చెట్టు చుట్టూ తిరిగింది. మనవడు కళ్లు విప్పార్చి చూశాడో, నిద్రకళ్లతో తెరిచాడో గాని ఓమా మాత్రం "చూశాడు, చూశాడు" అంది. నేను విరగ్గొట్టిన పెట్టెని ఆవిడ ఇంజను వెనకే, అందరికీ కనబడేలా తగిలించింది. ఆ తర్వాత డ్రాయరు లోంచి పెన్సిలు తెచ్చి, రేకు పెట్టె అట్టలో ఒక కాగితం పెట్టింది. ఏ నాలుక ఎటు తిరుగుతుందో తన చేత్తో గీసుకున్న బొమ్మ అది. "వచ్చే ఏడు నాకు నేనే చేసుకుంటాను" అందిట.

నేను ఊరికి తిరిగొచ్చాక మొదట చేసిన పనేమిటో తెలుసా? మా వారిని ఫ్యూజు బోర్డు ముందు నిలబెట్టాను. ఏది ఎక్కడ ఆపాలో, ఏది ముట్టుకోకూడదో చెప్పించుకుని కాగితం మీద రాసి తలుపు లోపల అంటించాను. మోటారు స్విచ్చి, గ్యాసు రెగ్యులేటరు, నీళ్ల ట్యాంకు వాల్వు కూడా రాయించాను. ఆయన నవ్వి, "ఇప్పుడు ఇవన్నీ ఎందుకే?" అన్నారు. "మీరు కాఫీ డికాషను తియ్యడం నేర్చుకోండి, అది కూడా రాసిపెడతాను" అన్నాను.

మీరూ ఇవాళ సాయంత్రం ఆ పని చేయండి. ఇంట్లో ఏ మూత ఎలా తెరుచుకుంటుందో ఇద్దరికీ తెలిసి ఉండటం మంచిది. షోకేసులో చీకటి రైలు పెట్టె ఉంటే దాన్నీ దింపండి. ముందు చక్రాలు తుడవండి సుమా!